శనివారం వచ్చిన ఫోను

పెళ్ళయిన ఏడో వారానికే నాకు ఒక ఆడమనిషి మీద కుళ్ళు పుట్టింది. ఆవిడకి అరవై రెండేళ్ళు. పై వరసలో నాలుగు పళ్ళు లేవు. భీమిలి ఒడ్డున ఎండుచేపలు అమ్ముకుంటుంది. పేరు పోతమ్మ.

ఇలా రాస్తుంటే నాకే నవ్వొస్తోంది గానీ, ఆ వేసవిలో మాత్రం నవ్వు రాలేదు.

ఫిబ్రవరి నెలాఖరులో నాకూ దేవీప్రసాద్‌కీ పెళ్ళయింది. ఆయన స్టీలు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. కూర్మన్నపాలెంలో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. ఆ రెండు గదుల్లో నాకు నచ్చనిదంటూ లేదు. కొత్త మట్టెలు గచ్చు మీద టక్కుటక్కుమనేవి. కావాలని వంటింటికీ ముందుగదికీ మధ్య నాలుగుసార్లు ఎక్కువ తిరిగేదాన్ని. పొద్దున్న ఆరింటికి కుళాయి వస్తే ఇద్దరం చెరో బిందె పట్టుకుని మెట్ల మీద గుద్దుకునేవాళ్ళం. ఆయన డ్యూటీ నుంచి వచ్చి తన పసుపురంగు హెల్మెట్ నా నెత్తిన పెట్టి, "ఏటి మేడం, ఇన్‌స్పెక్షనా?" అనేవారు. అద్దంలో చూసుకుంటే హెల్మెట్టూ నల్లపూసలూ కలిసి భలే ఉండేవి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి ఇందుకా ఇంత మురిసిపోవడం అని మా చెల్లి వెక్కిరించేది. మురిసిపోయాను, ఏం చెయ్యను.

ఒక్క పోతమ్మ దగ్గరే చిక్కొచ్చింది.

ఆయన చిన్నప్పుడు మా అత్తగారు భీమిలి పోస్టాఫీసులో పనిచేసేవారు. పొద్దున్నే పిల్లాడిని పక్కింటి పోతమ్మకి అప్పగించి వెళితే, సాయంత్రానికి ఒంటినిండా ఇసకతో తిరిగి దొరికేవాడట. అలా పదేళ్ళు. అత్తగారు ఇప్పుడు రిటైరై బొబ్బిలిలో మా బావగారి దగ్గర ఉన్నారు. ఆవిడతో నాకు ఏ పేచీ లేదు. పేచీ అంతా ఈ కొసరు అత్తగారితోనే. ఆయన ఆవిడని పెద్దమ్మ అంటారు. నేను చేప తోముతుంటే "పెద్దమ్మయితే మొప్పలు ముందు లాగీసేది" అంటారు. పులుసు పెడితే "బావుంది ధనా" అనేసి, ఒక్క క్షణం ఆగి, "పెద్దమ్మ పులుసు తింటే చెవుల్లోంచి పొగ రావాలి" అంటారు. జ్వరమొస్తే అమ్మ పేరు కాదు, పెద్దమ్మ పేరు కలవరిస్తారు. నా పేరు కలవరించడానికి ఇంకా ఎన్నేళ్ళు పడుతుందో!

ఏప్రిల్ పదిహేనున వేట నిషేధం మొదలైంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు మోటారు పడవల్ని సముద్రంలోకి దిగనివ్వరు. ఒడ్డున పని తగ్గిపోయి, పోతమ్మ ఒక సంచీడు ఎండు నెత్తళ్ళతో రెండు బస్సులు మారి మా ఇంట్లో దిగింది.

"ఓలమ్మో, కోడలా! ఇల్లు అద్దంనాగుంచీసినావు. ఇందులో ఈడెలాగుంటన్నాడే? మా ఇంట్లో ఈడు తిన్న కంచంలోనే పడుకునీవోడు."

"పెద్దమ్మా, ఊరుకో," అన్నారు ఆయన, ముఖం వెలిగిపోతూ. నేను ఎన్ని జడలు వేసుకున్నా ఆ ముఖం అంతలా వెలగలేదు.

ఆవిడ బాల్కనీలో చతికిలబడి చుట్ట వెలిగించింది. వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసింది. నేను అదిరిపడ్డాను.

"అడ్డపొగ," అన్నారు ఆయన నవ్వుతూ. "ఒడ్డున గాలికి చుట్ట ఆరిపోద్ది కదా. అందుకని నిప్పు లోపలికి. పెద్దమ్మ అలాగే బేరాలు కూడా ఆడీగలదు."

ఆ పూట వంజరం పులుసు పెట్టాను. ముందు రోజే యూట్యూబులో మూడు వీడియోలు చూసి, తగరపువలసలో ఉన్న మా అమ్మకి రెండుసార్లు ఫోను చేసి, ఎండుమిరపకాయలు చేత్తో నూరి పెట్టాను. ఆవిడ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు చికిలించి, కంచం పక్కకి జరిపింది.

"కారం పడదమ్మా. పెరుగుంటే ఎయ్యి."

చెవుల్లోంచి పొగ తెప్పించే మనిషికి కారం పడదా! వంటింట్లోకి వెళ్ళి ఆయన చెయ్యి గిల్లాను. "నేను వండింది తినకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చిందా?" అన్నాను గొంతు తగ్గించి.

ఆయనకి నా కోపం కనబడలేదు. "కారం వద్దందా? పెద్దమ్మ?" అన్నారు. వెంటనే ముందుగదిలోకి వెళ్ళి, "నోరు తెరు," అన్నారు.

"ఏటిరా, సేపని సూసినట్టు?"

"తెరు ముందు."

ఫోను లైటు వేశారు. నేనూ ఆయన భుజం మీంచి తొంగిచూశాను. అంగిలి అంతా పొగచూరిన వంటింటి కప్పులా ఉంది. ఎడమపక్కన రూపాయి బిళ్ళంత పుండు. అంచులు తెల్లగా పైకి లేచి ఉన్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి ఇది?"

"పొగపుండురా. మా ఒడ్డున ఎవలికి లేదు? సలికాలం నుంచుంది. మాయమ్మకీ ఉండీది. రోంత ఎన్న రాసుకుంటే అదే పోద్ది."

"నాలుగు నెలలా! ఎవరికైనా చూపించావా?"

"పుండుని కూడా సూపించుకుంటారేటి? నోట్లో నిప్పెట్టుకున్నోళ్ళకి కాలదేటి?"

ఆయన లైటు ఆపేసి అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. నా పులుసు గురించి ఇంక ఎవరూ మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం నాకు బాధ కలిగించింది అదే.

వారం తిరక్కుండా అది క్యాన్సరని తేలింది.

క్యాన్సరు ఆసుపత్రిలో సర్జను డాక్టర్ చంద్రిక. నలభై ఏళ్ళుంటాయేమో, మాటలు తక్కువ. పోతమ్మత్తని కుర్చీలో కూర్చోబెట్టి, మా అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. అంగిలి ఎడమ సగం, పై దవడ ఎముక కొంత తీసెయ్యాలి. అక్కడ ఏర్పడే ఖాళీలో పళ్ళసెట్టు లాంటి ప్లేటు పెడతారు. ప్లేటు ఉంటే తినొచ్చు, మాట్లాడొచ్చు. ఖర్చు ప్రభుత్వ కార్డు మీద జరిగిపోతుంది. కావలసిందల్లా థియేటర్లో ఒక రోజు.

డాక్టరమ్మ పక్కన సన్నటి జడలు అల్లుకున్న ఒక నల్లటి అమ్మాయి నిలబడి రాసుకుంటోంది. పోతమ్మత్త చూపు ఆ జడల మీదే ఉంది.

"ఈ గుంట ఎవలు? జడలు బలే ఏసుకుంది."

"నీమా. తను కూడా డాక్టరే. టాంజానియా అని, ఆఫ్రికాలో. వాళ్ళ దగ్గర ఈ ఆపరేషన్ చెయ్యగలిగినవాళ్ళు చాలా తక్కువమంది. నేర్చుకోడానికి ఆర్నెల్లు ఇక్కడికి వచ్చింది. మీరు ఒప్పుకుంటే ఆపరేషన్‌లో నాతో ఉంటుంది."

"అక్కడా సముద్రముందేటి?"

డాక్టరమ్మ ఇంగ్లీషులో అడిగింది. నీమా నవ్వి, తన చెయ్యి చాపి అలలా ఊపింది.

"అక్కడా అడ్డపొగ తాగుతారేటి?"

ఈసారి అందరూ నవ్వారు. డాక్టరమ్మ కూడా. తర్వాత మామూలుగా అంది: "కారణాలు ఏవైనా రోగం ఒకటేనమ్మా. ప్రపంచం మొత్తం మీద సర్జరీ కావలసిన క్యాన్సర్ రోగుల్లో నలుగురిలో ముగ్గురికి వేళకి సరైన సర్జరీ అందట్లేదు. సర్జను ఉండడు, థియేటరు ఉండదు, డబ్బు ఉండదు, లేకపోతే రావడమే ఆలస్యం. మీరు కుర్చీదాకా వచ్చారు. ఇంక తేదీ ఒక్కటే."

"నేర్సుకోనీ. నా నోరు సూసి ఆళ్ళూళ్ళో పదిమందిని బాగుసేత్తాదంటే నాకేటి పోద్ది?"

నీమాకి ఈ మాట ఇంగ్లీషులో చెప్పాక, ఆ అమ్మాయి వంగి పోతమ్మత్త చేతులు రెండూ పట్టుకుంది. పది నిమిషాలు! ఈ ముసలమ్మకి మనిషిని తన వైపు తిప్పుకోడానికి పది నిమిషాలు చాలు. నాకు ఈ కొత్త ఊళ్ళో రెండు నెలలు కావస్తున్నా ఒక్కరూ చేతులు పట్టుకోలేదు.

తేదీల పుస్తకం గుమాస్తా వరహాలు గారి దగ్గర ఉంటుంది. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని పేజీలు తిప్పి, "మే ఇరవై ఎనిమిది," అన్నారు. "రెండు టేబుళ్ళే ఉన్నాయి బాబూ, శ్రీకాకుళం నుంచి ఒడిశా దాకా అందరూ ఇక్కడికే. మధ్యలో ఎవరైనా రాకపోతే ముందుకి జరుపుతాం. ఫోను వస్తే గంటలో చెప్పాలి. ఏ నంబరు రాసుకోమంటారు?"

ఆయన క్రేన్ క్యాబిన్లోకి ఫోను తీసుకెళ్ళకూడదు. పోతమ్మత్తకీ కూతురు రాధకీ కలిపి ఒక్క ఫోను, అదీ చార్జింగు ఉంటే ఉన్నట్టు. రాధ మొగుడు సూరన్న గుజరాత్ బోట్ల మీద పనికి పోయాడు. "ధనశ్రీ నంబరు రాయండి," అన్నారు ఆయన. "చదువుకున్నాది. ఇంట్లోనే ఉంటాది. మీరేం చెప్పినా అర్థం చేసుకుంటాది."

అప్పుడు గర్వంగా అనిపించింది.

ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా నాది కాలేదు. ఒక ఆదివారం స్కానింగు రిపోర్టు. ఇంకొక ఆదివారం రక్తం ఇవ్వడానికి ప్లాంటు స్నేహితుల్ని పోగెయ్యడం. మధ్యలో సెలవు దొరికితే పెద్దమ్మకి దిగులుగా ఉందట. అద్దాల రైలుపెట్టెలో అరకు వెళ్దామని పెళ్ళికి ముందే మాట ఇచ్చారు. రెండుసార్లు టిక్కెట్లు తీసి రెండుసార్లూ రద్దు చేశారు. రాధ మా గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా ఒక పోటు పొడిచేది: "వదినా, అప్పుడే మా అన్నని కొంగుకి కట్టీసుకున్నావేటి? రోంత ముడి వదులు చెయ్యి, ఆసుపత్రికి ఎల్లాలి."

మూడోసారి టిక్కెట్లు మే పదకొండుకి దొరికాయి. ఆదివారం. "ఈసారి ఆకాశం విరిగిపడ్డా ఎల్లిపోదాం ధనా," అన్నారు. నేను నీలం చీరకి మ్యాచింగ్ గాజులు కొనుక్కున్నాను. రైలు ఎన్ని సొరంగాలు దాటుతుందో రాసుకోడానికి చిన్న పుస్తకం కూడా.

పదో తారీఖు శనివారం పొద్దున్న పదింటికి, పులిహోరకి చింతపండు పిసుకుతుంటే ఫోను మోగింది.

"అమ్మా, వరహాల్ని. సోమవారం చెయ్యాల్సిన పేషెంటుకి జ్వరం, వాయిదా పడింది. పోతమ్మగారిని ఈవేళ నాలుగింటిలోపు తెచ్చి చేర్పిస్తే సోమవారం చేసేస్తారు. గంటలో చెప్పండి."

"కనుక్కుని చెప్తానండి," అన్నాను.

చేతులు కడుక్కున్నాను. రాధ నంబరు తెరమీదకి తెచ్చాను. ఆమెకి చెబితే చాలు, భీమిలి నుంచి ఆటో కట్టించుకుని తనే తల్లిని తీసుకెళ్ళిపోతుంది. ఆయన సాయంత్రం ఇంటికొచ్చి, విని, చొక్కా కూడా మార్చుకోకుండా ఆసుపత్రికి పరిగెడతారు. సోమవారం దాకా అక్కడే ఉంటారు. బల్ల మీద నీలం చీర ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉంది.

ఇరవై ఎనిమిదో తారీఖు ఎలాగూ ఉంది కదా, అనుకున్నాను. డాక్టర్లే ఆ తేదీ ఇచ్చారు. తొందరైతే వాళ్ళే ముందు వేసేవాళ్ళు కదా.

రాధ నంబరు నొక్కలేదు. పదకొండుకి వరహాలు గారు మళ్ళీ చేశారు.

"ఈవేళ కుదరదండి," అన్నాను.

"సరేనమ్మా. ఫర్వాలేదు, పార్వతీపురం నుంచి ఇంకొకాయన ఉన్నాడు."

ఆ పార్వతీపురం ఆయన్ని నేను గట్టిగా పట్టుకున్నాను. చోటు వృథా పోలేదు. ఎవరికో ఒకరికి మేలే జరిగింది. చింతపండు పిప్పి పారేస్తూ ఆ మాటే నాలుగైదుసార్లు అనుకున్నాను.

అరకు ఎంత బాగుందో! సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలంతా కేకలు పెట్టేవారు. వాళ్ళతోపాటు ఆయనా అరిచేవారు. చీకట్లో నా చెయ్యి వెతికి పట్టుకునేవారు. వెలుగు రాగానే ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి చూసేవారు. ముప్ఫై దాకా లెక్కపెట్టి పుస్తకం పక్కన పడేశాను. బొర్రా గుహల దగ్గర వెదురుబొంగు కోడి తింటూ ఆయన ఒక్కసారిగా, "పెద్దమ్మకి కూడా ఇలాంటిది మెత్తగా వండి పెట్టాలి, ఆపరేషన్ అయ్యాక," అన్నారు. నాకు అక్కడితో ఆకలి పోయింది. కుళ్ళు వల్లో, ఇంకొకటి వల్లో నేను విడదీసి చూసుకోలేదు.

పంతొమ్మిదిన మత్తు డాక్టరుకి చూపించాలని అందరం వెళ్ళాం. పోతమ్మత్త మాట అప్పటికే ముద్దగా వస్తోంది. ఎడమ చెంప కొంచెం పొంగినట్టుంది. వరహాలు గారు పుస్తకం తిప్పి, "ఇరవై ఎనిమిది ఖాయమేనా బాబూ? మొన్న పదో తారీఖు ఫోను చేస్తే కుదరదన్నారు," అన్నారు మామూలుగా.

ఆయన అటు తిరిగారు. "ఎవరు కుదరదన్నారు?"

వరహాలు గారు కళ్ళజోడు కిందకి దించి పుస్తకంలో వెతికారు. పోతమ్మత్త నన్ను చూసింది. ఒక్కసారి చూసిందంతే. చేపని చేత్తో ఎత్తి చూసి ఎన్నాళ్ళదో చెప్పేసే మనిషి.

"నానేరా," అంది.

"ఏటి?"

"ఈ గుంట నాకు ఫోన్ సేసి సెప్పింది. నానే వద్దనీసినాను. బయ్యమేసింది. నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. దాన్నేటి అనకు."

ఆయన నా వైపు చూసి, "నిజమేనా?" అన్నారు.

నేను తలూపాను.

అంతమందిలో ఆయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ చూడలేదు. "ఎంతమంది కాళ్ళు పట్టుకున్నాను పెద్దమ్మా! ఎంతమంది చేత రక్తం ఇప్పించాను! నీకు భయమేసిందా? మరి నాకు?" రాధ కూడా తగులుకుంది: "నాకైనా సెప్పలేదేటి ముసలీ! సచ్చిపోదారనుకున్నావా?" పోతమ్మత్త తలొంచుకుని, చీర కొంగు కొసని మడతలు పెడుతూ కూర్చుంది. ఆయన విసురుగా బయటికి వెళ్ళిపోయారు. వెనకే రాధ.

బెంచీ మీద మేమిద్దరమే మిగిలాం.

"ఎందుకలా చెప్పారత్తా?" అన్నాను.

"నా మీద కోపం ఆడికి రెండ్రోజులుంటాది. నీ మీదయితే అలా పోదు. కొత్త కాపరం." మాట మాటకీ ఆగి, లాలాజలం మింగుకుంటోంది. "నాకు మాత్రం కుళ్ళు లేదేటి? పెళ్ళిలో ఆడు నీ ఎనకాలే తిరుగుతుంటే, పీటల మీదకెల్లి ఆడి సెవి పట్టుకుని ఈడ్సుకొచ్చీయాలనిపించింది. అన్నం సయించలేదు ఆ పూట."

"నేను... ఆయనతో చెప్పేస్తాను."

"సెప్పకు. సెప్తే నాకు తగ్గిపోద్దేటి?"

నేను చెప్పలేదు. ఆవిడ వద్దంది కాబట్టి అని సర్దిచెప్పుకున్నాను.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆయన పూర్తిగా నావారయ్యారు. భీమిలి వెళ్ళలేదు, ఫోను చెయ్యలేదు. రెండ్రోజుల్లో పోతుందన్న కోపం పోలేదు. డ్యూటీ దిగి నేరుగా ఇంటికి వచ్చేవారు. మల్లెపూలు తెచ్చేవారు. నేను పెట్టిన పులుసు తిని, "బావుంది," అని ఊరుకునేవారు. ఆ తర్వాత వేరే మాట వచ్చేది కాదు. నాకు ఏం కావాలో అంతా దొరికింది. సాయంత్రం మేడ మీద ఆయన పక్కన కూర్చుంటే, ప్లాంటు వైపు ఆకాశం ఒక్కసారి నారింజరంగులోకి తిరిగి మళ్ళీ నల్లబడేది. అంతకుముందు "అదిగో, నీకు దండం పెడతన్నాది మా ఫర్నేసు" అనేవారు. ఇప్పుడు చూసేవారు కూడా కాదు.

ఇరవై ఎనిమిది పొద్దున్న ఆరింటికే ఆసుపత్రికి వెళ్ళాం. కాగితాలన్నీ ఆయనే పూర్తి చేశారు, రక్తం సంచులు లెక్క చూసుకున్నారు, రాధ చేత సంతకాలు పెట్టించారు. కానీ వార్డులోకి మాత్రం వెళ్ళలేదు. "తనే వద్దనుకుంది కదా. తనే చూసుకుంటాది," అని గేటు బయట టీ బడ్డీ దగ్గర నిలబడ్డారు.

నేను వార్డులోకి వెళ్ళాను. పోతమ్మత్తకి ఆకుపచ్చ గౌను వేసి ట్రాలీ మీద పడుకోబెడుతున్నారు. ముక్కుపుడక తీసేశారు, ముఖం బోసిగా, చిన్నదైపోయి ఉంది. వచ్చినవాళ్ళందరినీ చూస్తోంది. నర్సు, రాధ, నేను, బెడ్డు కింద తుడిచే ఆవిడ. ఒక్కొక్కరినీ చూసి, దాటుకుని, గుమ్మంవైపు చూస్తోంది. "ఆడు?" అని అడగలేదు.

"ఇంకో పది నిమిషాల్లో లోపలికి తీసుకెళ్ళిపోతాం," అంది నర్సు.

మెట్ల మీద పరుగెత్తాను. ఆయన గ్లాసు పట్టుకుని రోడ్డు చూస్తున్నారు.

"టీ తాగుతావా?" అన్నారు.

"ఆ శనివారం నేను అత్తకి ఫోన్ చెయ్యలేదండీ."

గ్లాసు పెదాల దాకా వెళ్ళి ఆగింది.

"ఎవరికీ చెయ్యలేదు. కుదరదని చెప్పింది నేనే. ఆవిడకి ఆ ఫోను సంగతే తెలీదు. ఆ రోజు నా కోసం అబద్ధమాడింది."

"నువ్వు తలూపావు."

"ఊపాను."

తిడతారనుకున్నాను. ఆయన నన్ను తేరిపార చూసి, "అరకు కోసమా?" అన్నారు.

అవునన్నాను. ఒక్క అరకు కోసమే కాదు. ఆ మిగిలింది ఎలా చెప్పాలో తెలియలేదు.

గ్లాసు బల్ల మీద పెట్టి పరుగెత్తారు. నేను వెనక వెళ్ళేసరికి ట్రాలీ థియేటరు తలుపుల దగ్గర ఆగి ఉంది. ఆయన వంగి ఏదో చెబుతున్నారు, భుజాలు కదులుతున్నాయి. పోతమ్మత్త దుప్పటిలోంచి చెయ్యి తీసి ఆయన చెవి పట్టుకుని మెలిపెట్టింది. నీమా పక్కనే నిలబడి, గడియారం చూసి కూడా తొందరపెట్టలేదు. ఒట్టు, అప్పుడు కూడా నా లోపల చిన్నది ఏదో చురుక్కుమంది.

"ఏటైంది వదినా? అన్న ఏడుస్తన్నాడేటి?" అంది రాధ. ఆమెకీ చెప్పాను. రాధ లేచి, రెండు కుర్చీలు అవతలకి వెళ్ళి కూర్చుంది. మధ్యాహ్నం దాకా ముగ్గురం మూడుచోట్ల ఉన్నాం.

రెండున్నరకి డాక్టర్ చంద్రిక బయటికి వచ్చింది. ముఖం మీద మాస్కు అచ్చు పడి ఉంది. "గడ్డంతా వచ్చేసింది. ప్లేటు పెట్టాం. కంటి కింద ఎముక అంచు కూడా కొంచెం తీయాల్సి వచ్చింది. కంటికి ఏమీ కాలేదు."

ఆయన అడిగారు: "పన్నెండో తారీఖునే చేసుంటే ఆ ఎముక మిగిలేదా మేడం?"

"చెప్పలేనండి. మిగిలేదేమో. అప్పుడూ ఇంతే తీయాల్సి వచ్చేదేమో. పదహారు రోజులు ఒక్కోసారి ఏమీ కాదు. ఒక్కోసారి చాలా."

ఆయన నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి మెడ ఎంత బిగించారో నాకు తెలిసింది. నీమా రాధ దగ్గరకి వెళ్ళి, కొత్తగా నేర్చుకున్న తెలుగులో, "బాగుంది. అమ్మ బాగుంది," అంది. రాధ ఆ అమ్మాయిని కావలించుకుని గట్టిగా ఏడ్చేసింది.

సాయంత్రం ఆడవాళ్ళ వార్డుకి మార్చారు. రోగికి తోడు ఒక్క ఆడమనిషినే ఉండనిస్తారు. రాధ చంటిబిడ్డని భీమిలిలో పక్కింటివాళ్ళ దగ్గర వదిలి వచ్చింది, వెళ్ళక తప్పదు. పాసు కాగితం ఆయన చేతిలో ఉంది. చాలాసేపు దాన్ని చూసి, కలం తీసి, నా పేరు రాసి, నా చేతిలో పెట్టారు. ఆయన వేళ్ళు నా వేళ్ళకి తగలకుండా ఇచ్చారు.

లోపల పోతమ్మత్త ముఖం సగం కట్టులో ఉంది. నోరంతా దూది కుక్కి ఉంది. తెరిచి ఉన్న కన్ను నన్ను చూసింది. నన్ను దాటి తలుపు వైపు చూసింది. అక్కడే ఆగిపోయింది.

"ఆయన్ని ఇక్కడికి రానివ్వరత్తా," అన్నాను. "కింద ఉన్నారు. ఈ పూటకి నేనే."

ఇంకాసేపు తలుపునే చూసి, ఆ కన్ను మెల్లగా నా మీదకి వచ్చింది. సెలైను గుచ్చిన చెయ్యిని కూడదీసుకుని, మంచం అంచు నుంచి జానెడు లోపలికి జరుపుకుంది. ఒక మనిషి కూర్చునేంత చోటు తేలింది.

కూర్చున్నాను.